రంగు అద్దని ముఖం

మా డ్రాయింగ్ టీచర్‌గారు పోయారు. పోర్టు గేటు దగ్గర లారీ డ్రైవర్ల ధర్నా వివరాలు రాసుకుంటూ నిలబడి ఉండగా ఆమె భర్త ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ టీచరు ఎల్లిపోయింది," అన్నారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని అడిగాను. ఏళ్ల తరబడి అలవాటైన ప్రశ్నలు, నోరు దానంతట అదే అడిగేసింది. ఆయనా అదే వరసలో చెప్పారు: తెల్లారగట్ల, ఇంట్లోనే, నిద్రలో. ఆ తర్వాత నేను అడగనిది ఒకటి చెప్పారు. "కాఫీ కలిపి లేపాను. రెండు గ్లాసులూ అలగే ఉన్నాయి."

ఆమె నాకు ఎప్పుడూ బడిలో పాఠం చెప్పలేదు. మాది కృష్ణా జిల్లా. విశాఖపట్నానికి విలేకరిగా వచ్చిన కొత్తలో మద్దిలపాలెం డిపో వెనక సందులో వాళ్ల మేడమీద గదిలో అద్దెకు దిగాను. సందులో అందరూ ఆమెను టీచర్‌గారనేవారు, నేనూ అన్నాను. ఆమె ఒక హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు. భర్త పోర్టులో గుమస్తా, ఓడలోకి ఎక్కే సరుకూ దిగే సరుకూ సరిచూసే ఉద్యోగం. ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. బడిలో టీచర్‌గారు అచ్చంగా పుస్తకం భాష మాట్లాడతారని పిల్లలు చెప్పేవారు. ఇంటికి రాగానే చెప్పులతోపాటు దాన్నీ గుమ్మం బయటే విడిచేవారు.

ముందుగదిలో దేవుడి పటం ఒక్కటే ఉండేది. మిగతా గోడంతా జపాన్ ఆడవాళ్లది. అప్పట్లో ఇక్కడి రేవు నుంచి ఇనుప ఖనిజం జపాన్ వెళ్లేది. కొత్త సంవత్సరం వచ్చిందంటే ఆ ఓడలవాళ్లు పోర్టులో కేలండర్లు పంచేవారు. మంచుకొండల బొమ్మలూ కార్ల బొమ్మలూ ఉన్నవి ముందు వెళ్లిపోయేవి. "నానేటి ఏరుకోలేదే, మిగిలినోళ్లు నాతో వచ్చేశారు," అనేవారు బాబాయిగారు ఆ గోడను చూపిస్తూ.

ఒకామె తడిజుట్టు దువ్వుకుంటోంది. ఒకామె చిన్న అద్దం ముందు వంగి పెదవికి ఎరుపు అద్దుకుంటోంది. మంచు పడుతుండగా గొడుగు పట్టుకున్న ఆమె ముఖం సగమే కనిపిస్తుంది. స్నానం చేసి వచ్చిన ఒకామె మెడ వెనక తుడుచుకుంటోంది. ఇవన్నీ ఇంచుమించు వందేళ్ల కిందటి బొమ్మలు. అప్పటికే కెమెరా వచ్చింది, రంగుల అచ్చుయంత్రాలూ వచ్చాయి. అయినా అక్కడ కొందరు పాత పద్ధతి పట్టుకుని, చెక్క మీద చెక్కి, చేత్తో కాగితం మీద ఒత్తి ఆడవాళ్ల ముఖాలు తీశారు. గీసేవాడొకడు, చెక్కేవాడొకడు, అచ్చు ఒత్తేవాడొకడు, వీళ్లందరిచేతా పని చేయించి అమ్మేవాడొకడు. ఒక ముఖం వెనక నలుగురు మనుషులు. ఆ ముఖం మీద నీడలుండవు. ముక్కుకి ఒక గీత, పెదవికి కాస్త ఎరుపు, అంతే. జుట్టు మాత్రం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు.

"సూశావా, ఒక్కర్తీ మన్ని సూడదు," అన్నారు టీచర్‌గారు మొదటి రోజే.

"సిగ్గేమోనండీ."

"సిగ్గేటి! పనిలో ఉన్నారు. ఆళ్ల పని ఆళ్లు సేసుకుంటన్నారు. మనం గుమ్మంకాడ నిలబడి సూసి ఎల్లిపోవాలి."

ఆమె కూడా చెక్కుతారని నాకు ఆ మొదటి ఆదివారమే తెలిసింది. వెనక వరండాలోంచి ఒక చప్పుడు మేడమీదికి వచ్చింది, ఎవరో గచ్చు మీద గోనెసంచి లాగుతున్నట్టు. దిగి చూస్తే ఆమె నేల మీద కూర్చుని, చెక్కి రంగు పూసిన చెక్కపలక మీద పరిచిన కాగితాన్ని అన్నం వడ్డించే హస్తం వెనకవైపుతో రుద్దుతున్నారు. జపాన్ వాళ్లయితే వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో రుద్దుతారట. ఆమెకు హస్తమే కుదిరింది. రంగులో కాస్త గంజి కలిపేవారు. కాగితం కాస్త తడిగా ఉండాలి. పలక అంచున రెండు చిన్న గాట్లు ఉంటాయి, ప్రతి రంగుకీ కాగితాన్ని సరిగ్గా ఆ గాట్లలోనే కూర్చోబెట్టాలి. వెంట్రుకవాసి జరిగినా పెదవి ఎరుపు గడ్డం మీద పడుతుంది.

చెక్క కోసం చాలా తిరిగారట. టేకు ఈనెలు మోటు, సన్న గీత నిలవదు. చివరికి ఏటికొప్పాకలో బొమ్మలు చేసే అంకుడు కర్ర కుదిరింది. తెల్లగా, మెత్తగా ఉంటుంది, కత్తి చెప్పినట్టు వింటుంది. కాకపోతే అంకుడు లావెక్కదు, అరచేతికి మించి పలక రాదు. అందుకే టీచర్‌గారి ఆడవాళ్లందరూ అరచేతిలో పట్టేవాళ్లే.

హస్తం చప్పుడు ఆగగానే బాబాయిగారి గొంతు మొదలయ్యేది.

"హస్తం కాళీ అయినట్టుంది. అన్నం పెడతావేటి?"

"నలుపు ఎండనేదు."

"నా కడుపు ఎండింది కదేటి!"

"అయితే ఆరేసుకో," అనేవారు టీచర్‌గారు తలెత్తకుండా.

చెంప పక్కన వెంట్రుకలు చెక్కేటప్పుడు మాత్రం ఎవరూ పలకరించకూడదు. ఆ సమయంలో ఆమె ఊపిరి కూడా ఆచితూచి పీల్చేవారు. పాలవాడు సైతం గిన్నెలో పోసి చప్పుడు చేయకుండా వెళ్లేవాడు. వెంట్రుక చెక్కడమంటే వెంట్రుకకు అటూ ఇటూ ఉన్న చెక్కను తీసేసి వెంట్రుకను మిగల్చడం. "మనం కత్తి పెట్టింది కాయితం మీదకి రాదు. ఒగ్గేసిందే వస్తాది," అనేవారు.

ఆ మాట ఆమె నా వార్తల మీద కూడా ప్రయోగించారు. పొద్దున్నే పేపరు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. ఒకసారి చేపల వేటకు వెళ్లిన పడవ తిరిగి రాలేదు. జెట్టీ మీద ఒక వేటగాడి భార్య రెండు రోజులు కూర్చున్న సంగతి రాశాను. "కొంగున అటుకులు కట్టుకుని కూకుందని రాశావు. బాగుంది. మళ్లీ కిందన హృదయవిదారకం అన్నావు. అదెందుకు రిపోర్టరమ్మా? అటుకులు సాలవా?" అన్నారు. ఆ తర్వాత ఆ మాట నేను మళ్లీ వాడలేదు. నాకు చదువు చెప్పలేదని పైన రాశాను. ఇది మినహాయింపు.

ఆమె వేసిన మొట్టమొదటి బొమ్మ కథ బాబాయిగారు చెప్పాలి. ఎన్నోసార్లు విన్నాను, వివరాలు ఎప్పుడూ మారలేదు కాబట్టి నమ్ముతున్నాను. పెళ్లైన కొత్తలో టీచర్‌గారు కేలండర్లో జుట్టు దువ్వుకుంటున్న ఆమెను చూస్తూ నేరుగా పలక మీద గీసి, చెక్కి, అచ్చు తీశారు. ముచ్చటగా వచ్చింది. బాబాయిగారు పొంగిపోయి, దాన్ని అట్టకు అతికించి, రేవులో ఖనిజం ఎక్కించుకుంటున్న జపాన్ ఓడ మీదికి పట్టుకెళ్లి ఒక ఆఫీసరు చేతిలో పెట్టారు. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, వచ్చీరాని ఇంగ్లీషులో, ఈమె చనిపోయిందా అని అడిగాడు.

"ఇదేటిరా బాబూ, మా ఆవిడ గీస్తే మనుషులు సచ్చిపోతన్నారేటి అనుకున్నాను!"

ఆఫీసరు తన కోటు అంచులు పట్టుకుని చూపించాడు. వాళ్లు ఒంటికి చుట్టి కట్టే కిమోనోకి ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేట్టు కట్టేది శవానికే. పలక మీద ఉన్నదున్నట్టు గీస్తే కాగితం మీద తిరగబడి పడుతుంది. ముఖం తిరగబడినా ముఖమే కాబట్టి టీచర్‌గారు పట్టించుకోలేదు. బట్ట కూడా తిరగబడుతుందన్న ఆలోచన రాలేదు. జుట్టు దువ్వుకుంటున్న బతికున్న మనిషికి శవం కట్టు కట్టేశారు. ఆఫీసరు మాత్రం ఆ బొమ్మ వెనక్కివ్వలేదు. కోటు లోపలి జేబులో పెట్టుకుని, బాబాయిగారికి టీ ఇప్పించి పంపాడు. కిమోనో సంగతి నేను తర్వాత వేరేచోట వాకబు చేశాను. నిజమే.

అప్పటినుంచి టీచర్‌గారు సరైన పద్ధతి పట్టారు. పల్చటి కాగితం మీద గీసి, దాన్ని బోర్లా పలకకు అతికించి, దాని మీదుగా చెక్కడం. అప్పుడు అచ్చు సరిగ్గా పడుతుంది. జపాన్ ఆడవాళ్లను మళ్లీ గీయలేదు. "ఆళ్లని గీసేవోళ్లు ఆళ్లకున్నారు," అనేవారు. ఇడ్లీ పాత్ర మూత ఎత్తుతున్న బండి ఆమెను గీశారు. ఆవిరి కోసం ప్రత్యేకంగా ఏమీ గీయలేదు, చెంప గీతను సగంలో ఆపేశారు. పూలదారం పళ్లతో తెంపుతున్న ఆమెను గీశారు. డ్యూటీ దిగి కూర్మన్నపాలెం బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న నర్సును గీశారు. ఎవరినీ కూర్చోమని అడగలేదు. చూసి వచ్చి, ఇంట్లో గీసేవారు.

అందుకే ఒక ఆదివారం నన్ను కూర్చోమన్నప్పుడు ఆశ్చర్యపోయాను.

"ఆ కిటికీకాడ కూకుని ఏటి రాసుకుంటావో రాసుకో. నా వైపు తిరక్కు. నీ మెడా బుజమూ కావాల."

"ముఖం వద్దా?"

"మొకం ఉంది," అన్నారు. పెన్సిల్ చెక్కుకుంటూ, "మా అమ్మది," అన్నారు.

ఆమె ఐదో తరగతిలో ఉండగా తల్లి జ్వరంతో పోయింది. ఎలమంచిలి దగ్గర పల్లె. తల్లికి ఫొటో లేదు. ఒక్కసారి అవకాశం వచ్చింది. మేనమామ పెళ్లికి ఎలమంచిలి నుంచి ఫొటోగ్రాఫరు వచ్చాడు. "ఆ ఫొటోలో మా ఊరు ఊరంతా ఉంది. మంగలోడున్నాడు, మేళగాళ్లున్నారు, ఎవరిదో మేక కూడా ఉంది. మా అమ్మ నేదు. ఎనకాల పొయ్యికాడ బూరెలు ఏత్తంది. ఫొటో తీసేకాడికి వస్తే బూరెలు మాడిపోతాయని రానేదు." ఇది చెబుతూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ముఖం గుర్తుందా?" అని అడిగాను.

"పక్కనుంచి గుర్తుంది. ఎప్పుడు సూసినా ఏదో పనిలో అటు తిరిగుండేది. పొయ్యికాడ, రోటికాడ. నా వైపు సూసిన మొకం నాకు ఎంత తడుముకున్నా దొరకదు." పెన్సిల్ ఆపి, గోడ మీది కేలండర్ల వైపు చూపించారు. "ఈళ్లని మొదటిసారి సూసినప్పుడే అనుకున్నాను. ఇలగైతే మా అమ్మనీ గీయొచ్చు. నా వైపు సూడక్కర్నేదు కదా."

ఆ గోడ అన్నాళ్లుగా అలా నిండి ఎందుకు ఉందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఇడ్లీ బండి ఆమె మీదా నర్సు మీదా చెయ్యి సాధన చేసుకున్నారా అని అడిగితే కోప్పడ్డారు. "ఆళ్లు ఆళ్లే. ఒకల్ని ఇంకొకలికోసం గీస్తారేటి?"

అచ్చు తీసిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. వరండాలో తీగకు క్లిప్పు పెట్టి ఆరేశారు. కొప్పు, చెవి, వంగిన మెడ, ముక్కు గీత. బాబాయిగారు కళ్లజోడు తుడుచుకుని దగ్గరికి వచ్చి చూశారు.

"బాగుంది. అత్తా?"

"ఆఁ."

"మీ అమ్మది కుడిపైట అనేదానివి కదేటి?"

ఆయన అత్తగారిని ఎన్నడూ చూడలేదు. భార్య చెప్పగా విన్నదే. టీచర్‌గారు తీగ మీది బొమ్మను చూశారు, నన్ను చూశారు, మళ్లీ బొమ్మను చూశారు. బొమ్మలో పైట ఎడమ భుజం మీద ఉంది, నాది ఉన్నట్టే.

నాకు ఆ మాట కొత్త. బాబాయిగారే వివరించారు. ఈ వైపు పల్లెల్లో వెనకటి ఆడవాళ్లు చాలామంది పైట కుడి భుజం మీద వేసుకునేవారు. తర్వాత తరం బళ్లకీ పట్నానికీ వచ్చి ఎడమకు మారింది. టీచర్‌గారు కూడా మొదట్లో కుడిపైటే వేసుకునేవారట. టీచరు ట్రైనింగులో తోటి ఆడపిల్లలు నవ్వితే మార్చుకున్నారు. కిమోనో దెబ్బ తిన్న తర్వాత ప్రతి బొమ్మకీ పైట చూసుకునే మనిషి. చూసుకున్నారు కూడా. అన్ని బొమ్మల్లోలాగే పైట ఎడమవైపు పడిందా లేదా అన్నదే చూసుకున్నారు.

"దానికేటి, కాయితం బోర్లా కాకుండా ఎల్లకిలా అతికించి సెక్కు. పైట కుడేపు వచ్చేత్తాది," అన్నారు బాబాయిగారు.

"మొకమూ తిరగబడతాది. అప్పుడది మా అమ్మ కాదు, అద్దంలో మా అమ్మ. ఆ మొకం ఆవిడ సూసుకుంది, నాను సూడనేదు."

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఇంకో మాట అన్నారు. "పైటే మర్సిపోయాను. మరి ముక్కు మర్సిపోనేదని ఏటి నమ్మకం?"

ఈ ప్రశ్న నా వృత్తిలో రోజూ వచ్చేదే. సాక్షి ఒక వివరం తప్పు చెబితే మిగతావి ఎంతవరకూ నమ్మాలి? దానికి మాకున్న మందు ఒక్కటే, రెండో సాక్షిని వెతకడం. రెండో సాక్షి ఉంది. టీచర్‌గారి పిన్నమ్మ, తల్లికి సొంత చెల్లెలు, అదే పల్లెలో ఉంటోంది. ఆమెకు చూపిద్దామన్నాను. టీచర్‌గారు లేచి, తీగ మీది బొమ్మ తీసి లోపలికి వెళ్లారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు తల్లి బొమ్మ ఊసెత్తలేదు. నేను వేరే ఇంటికి మారాను. ఖనిజం ఓడల కేలండర్లు ఆగిపోయాయి. బాబాయిగారు రిటైరయ్యారు, తర్వాత టీచర్‌గారూ అయ్యారు. వీలైన ఆదివారమల్లా వెళ్లేదాన్ని. హస్తం చప్పుడు తగ్గుతూ వచ్చింది. కళ్లు సహకరించడం లేదనేవారు. భూతద్దం పెట్టుకుని చెక్కేవారు. వెంట్రుకలు ఒకప్పటి కంటే లావుగా వచ్చేవి. "మా ఆడోళ్లకి జుట్టు పెరుగుతంది, నాకు ఊడుతంది," అనేవారు.

ఈ ఏడాది శివరాత్రి వెళ్లాక ఫోన్ చేసి, "రిపోర్టరమ్మా, ఒకపాలి రా," అన్నారు. వెళ్లాను. బల్ల మీద ఒక కాగితం పెట్టారు. నల్లటి కొప్పు, చెవికి కమ్మ, వంగిన మెడ, కుడి భుజం మీద పైట. ముఖం ఉండాల్సిన చోట తెల్ల కాగితం.

"ముఖమేదండీ?"

"కిటికీకాడకెళ్లి సూడు."

వెళ్లి, కాగితాన్ని కాస్త వంచాను. వెలుగు ఏటవాలుగా పడగానే నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం లేచి నిలబడ్డాయి. మళ్లీ సూటిగా పట్టుకుంటే లేవు. పలక మీద ముఖం చెక్కి, దానికి రంగు అద్దకుండా, తడి కాగితాన్ని గట్టిగా ఒత్తారు. గీతలు వేలికి తగిలేట్టు కాగితంలోకే దిగాయి. ఇది ఆ జపాన్ కళలో ఉన్న పద్ధతే. మంచునీ, తెల్లబట్ట మీది తెల్ల నేతనీ చూపించడానికి అలా ఒత్తుతారు. ముఖానికి అలా చేసినవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలీదు.

"రంగేస్తే, ఇదే మా అమ్మ అని సెప్పినట్టు. అంత గట్టిగా సెప్పలేను. అలగని ఏయకుండా ఒగ్గేస్తే, మా అమ్మ మొకమే నాకు తెల్దన్నట్టు. అది అబద్దం."

ధ్రువపడని సంగతిని మేము 'తెలిసింది' అని రాస్తాం. ఖాయమైనదాన్ని సూటిగా రాస్తాం. కొప్పుకీ పైటకీ రంగు వేసి, ముఖానికి వేయకుండా ఆమె ఆ తేడా చూపించారు. అది చెబితే, "అయితే నీ పేపర్లో ఉద్యోగం ఇప్పించు," అన్నారు.

పిన్నమ్మ దగ్గరికి వెళ్దామని మళ్లీ అన్నాను. ఎంత దూరమని, ఎలమంచిలి దాటితే అయిపోయె. ఆవిడకీ వయసు మీద పడింది. ఇంకెవరూ మిగల్లేదు.

"కాదంటే?"

"కాదంటే ఎక్కడ కాదో చెబుతారు, మార్చుకోవచ్చు."

"కాదంటే," అన్నారు, "ఇన్నేళ్లూ నాను ఎవరి మొకం సూసుకుంటన్నట్టు?"

ఆమె కాగితాన్ని తీసుకుని, తనూ కిటికీ వైపు వంచి చూసి, బల్ల మీద పెట్టారు. తనే అన్నారు, "ఎండలు తగ్గనీ. ఎల్దాం." ఆ ముఖం గురించి ఆమె ఎప్పుడైనా ఒక మెట్టు దిగారంటే అప్పుడే. ఎండలు తగ్గకముందే పోయారు.

పెద్దకర్మ రోజున పిన్నమ్మను తీసుకొచ్చారు. మోకాళ్లు పట్టేసి దహనానికి రాలేకపోయిన మనిషి. కళ్లు రెండూ దాదాపు పోయాయి, వెలుగూ చీకటీ తెలుస్తాయి. కుడిపైట. నేను ఆ పైటను దగ్గరగా చూడడం అదే మొదటిసారి. భోజనాలయ్యాక ముందుగదిలో కేలండర్ల కింద మంచం మీద కూర్చోబెట్టారు. నేను బాబాయిగారి వైపు చూశాను. ఆయన నా కంటే ముందే అదే ఆలోచనలో ఉన్నారు.

"ఒద్దేమోనే అమ్మాయ్," అన్నారు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి. "ముసిల్ది ఏదొకటి అనేత్తాది. అది ఇనడానికి మీ టీచరు నేదు. నాను ఇనాల."

అన్నారే గానీ లోపలికి వెళ్లి ఆయనే తెచ్చారు. మంచం మీద ఆవిడ పక్కన కూర్చున్నారు.

"అత్తా, ఇదుగో. మీ అప్పని, మా అత్తని గీసింది మీ పిల్ల."

"నాకేటి కనబడతాది బాబూ."

"సేత్తో సూడొచ్చు. ఒత్తింది."

ఆవిడ చేతులు చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. ముందు అంచులు తడిమింది. "పైట ఎటేపు?" అని అడిగింది.

"కుడేపే."

"ఆఁ," అంది. వేలు మెడ మీంచి పైకి వచ్చి గడ్డం దగ్గర ఆగింది. పెదవుల మీదికి, ముక్కు మీదికి, నుదుటి మీదికి వెళ్లింది. మళ్లీ కిందికి వచ్చింది. బాబాయిగారు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. వేలు ముక్కు దగ్గర రెండోసారి, మూడోసారి తిరిగింది. అవునని గానీ కాదని గానీ ఆవిడ అనలేదు.

"సొట్ట ఏదీ?" అంది.

"సొట్టేటి?"

"మా అప్ప బుగ్గకి సొట్ట ఉండాల. నవ్వక్కర్నేదు, పంటి కింద ఏదైనా నములుతున్నా పడేది. పిల్ల సూసుండదు. ఆ ఎదవ పొయ్యి ముందు మొకం ఎవులికి తెలుస్తాది." బొటనవేలితో చెంప మీద చోటు వెతుక్కుంది. పెదవి చివర నుంచి వేలితో కొలిచి, కాస్త వెనక్కి జరిగి, గోరు పెట్టి గట్టిగా నొక్కింది.

"ఓలమ్మో, కాయితం!" అని బాబాయిగారు చెయ్యి చాచారు. సగంలో ఆపేశారు.

"ఇక్కడ," అంది ఆవిడ. అని కాగితం ఆయనకిచ్చేసింది.

ఆయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వంచారు. నేను వెనక నుంచి చూశాను. చెంప మీద చిన్న నెలవంక లాంటి గుంట, దానిలో గోరంత నీడ. పలక మీద ఆ సొట్ట లేదు. మళ్లీ ఎన్ని అచ్చులు తీసినా రాదు. ఆ ఒక్క కాగితం మీదే ఉంది. బాబాయిగారు కాగితాన్ని సూటిగా చేస్తే అది పోతోంది, వంచితే వస్తోంది. ఆయన వంచి అలాగే పట్టుకుని, వెలుగు తగ్గేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు.